హనుమత్ప్రసాద్ గారి శనగల బ్యాచ్

డబ్లిన్ శివార్లలోని బ్లాంచర్డ్స్‌టౌన్‌లో హనుమత్ప్రసాద్ గారి కంటపడ్డ ఏ తిండీ తూకం ఎక్కకుండా ఎవరి నోట్లోకీ వెళ్ళలేదు. ఆయన కోటు ఒక జేబులో అరచేతంత త్రాసు, రెండో జేబులో రెండు రంగుల స్టిక్కర్లు. మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం మనిషి. అక్కడ ఆయన సంతకం లేనిదే ఒక్క మాత్ర గేటు దాటదు. ఇరవై ఏళ్ళుగా అదే పని చేసీ చేసీ, ఇంటికొచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకోదు.

ఒకసారి తెలుగువాళ్ళ పాట్‌లక్‌కి తలా ఒక వంటకం తెచ్చారు. పద్మిని గారు ఆరు గంటలు చెమటోడ్చి చేసిన బిర్యానీ మీద ఈయన పసుపు స్టిక్కర్ అంటించారు.

"ఏంటన్నయ్యగారూ ఇది?"

"హోల్డ్‌లో పెట్టానమ్మా. ప్లేటుకి రెండు గ్రాముల ఫైబర్ కూడా లేదు. కీరానో క్యారెట్టో పక్కన చేర్చండి, రిలీజ్ చేసేస్తాను."

ఆవిడ కారాలు మిరియాలు నూరుతూనే క్యారెట్లు తరిగారు. ఆకుపచ్చ స్టిక్కర్ పడేదాకా నలభై మంది ఖాళీ ప్లేట్లతో వరసలో నిలబడ్డారు. ఆ వరసలో చివరివాడు హేమచంద్. నలభై మంది ఆకలిని ఒక్క స్టిక్కరుతో ఆపిన మనిషిని అతను జన్మలో చూడలేదు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

హేమచంద్ ఆయన ఇంట్లోనే పై గదిలో అద్దెకుంటాడు. వరంగల్ నుంచి వచ్చి ఏడాదైంది. శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తొంభై నాలుగు కిలోల బరువు. షుగర్ గీత మీద ఉందని, మూడు నెలల్లో తగ్గకపోతే మాత్రలు మొదలుపెట్టాల్సిందేనని జీపీ డాక్టరమ్మ ఆ వారమే చెప్పింది. ముప్ఫై అయిదో ఏట వాళ్ళ నాన్న మొదలుపెట్టిన మాత్రలు ఇప్పటికీ ఆగలేదు. ఆ భయంతో హేమచంద్ తిండి మానేశాడు. పొద్దున టీ, మధ్యాహ్నం రెండు బ్రెడ్డు ముక్కలు. సాయంత్రం లువాస్ ట్రాములో నిలబడితే కళ్ళు బైర్లు కమ్మేవి.

"రావయ్యా, రెండు ముద్దలు తిని పో" అని హనుమత్ప్రసాద్ గారి భార్య సంతోషకుమారి రోజూ కింద నుంచి పిలిచేవారు.

"తినొచ్చిన ఆంటీ. ఐయామ్ గ్రాండ్" అని అక్కడి ఐరిష్‌వాళ్ళలా అనేవాడు. ఒకరింట్లో ఊరికే తినడం అతనికి చేతకాదు.

ఒక ఆదివారం హనుమత్ప్రసాద్ గారు చంకలో ఫైలుతో మెట్లెక్కి వచ్చారు.

"ఏవయ్యా, నాకో టెస్టర్ కావాలి. తొంభై కిలోలు దాటినవాడు. ఈ వీధి మొత్తానికి నువ్వొక్కడివే కనిపించావు."

"దేనికంకుల్?"

"బరువు తగ్గే భోజనం తయారుచేస్తున్నాను. ఎవరో ఒకరు తిని సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఫైలు మూతపడదు. ఫైలు మూతపడకపోతే నాకు నిద్రపట్టదు."

హేమచంద్‌కి జాలేసింది. పెద్దాయనకి సాయం చేస్తున్నాననుకుని ఒప్పుకున్నాడు.

మర్నాటి నుంచి డబ్బాలు మొదలయ్యాయి. బ్యాచ్ ఒకటి: పెసరట్లు రెండు, ఉడికిన గుడ్లు రెండు. బ్యాచ్ ఏడు: గోంగూర పప్పు, మజ్జిగ. పదకొండు నుంచి ఇక శనగలే శనగలు. గుగ్గిళ్ళు, కూర, సలాడ్. ప్రతి మూత మీదా ప్రొటీన్ ఎంత, ఫైబర్ ఎంత, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి పొయ్యి మీంచి దించారు అన్నీ రాసి ఉండేవి.

"మొదట్ల శనగలు పిడికెడు గూడ పెట్టలేదేంది అంకుల్?"

"ఫైబర్ ఒక్కసారి పెంచితే నీ కడుపు మృదంగం వాయిస్తుంది. మెల్లగా పెంచాలి. నీళ్ళు తాగావా?"

"తాగిన."

"ఎన్ని గ్లాసులు?"

"చూస్కోలే."

"డీవియేషన్! పద్ధతి తప్పావు" అని ఎర్ర ఇంకుతో రాసుకున్నారు.

ఒకరోజు ఆకలికి తట్టుకోలేక బ్రెడ్డు తిన్నానని హేమచంద్ ఒప్పుకుంటే మూడు పేజీల విచారణ జరిగింది. ఆకలెందుకైంది? మధ్యాహ్నం డబ్బాలో ప్రొటీన్ ఎందుకు తగ్గింది? తప్పు వండినవాడిదేనని చివరికి తేల్చి, మర్నాటి డబ్బాలో ఇంకో గుడ్డు చేర్చారు. ఆ కాగితాలు చదివి హేమచంద్ నివ్వెరపోయాడు. తన ఆకలి మీద మూడు పేజీలు రాసే మనిషి ఈ లోకంలో ఉంటాడని అతను అనుకోలేదు.

మూడు నెలలకి ఏడు కిలోలు తగ్గాడు. మాత్రలు అక్కర్లేదని జీపీ అంది. బస్సు దిగి ఒకటే పరుగున ఇంటికొచ్చేసరికి, హనుమత్ప్రసాద్ గారు బంగాళాదుంప వేపుడు, నెయ్యి దండిగా కలుపుకుని అన్నం తింటున్నారు. తూకం లేదు, స్టిక్కరూ లేదు.

"ఆంటీ, అంకుల్ శనగలు తినడా?"

సంతోషకుమారి పకపకా నవ్వారు. "ఆ వాసనే పడదయ్యా ఆయనకి. ఈ ఇంట్లో మూడు నెలల కిందటి దాకా శనగ గింజ అడుగుపెట్టలేదు. షుగర్ సంగతి నువ్వు మీ అమ్మతో ఫోన్లో చెబుతుంటే మెట్ల దగ్గర విన్నారు. ఊరికే పెడితే నువ్వు తినవుగా! అందుకని ఈ ఫైలు పుట్టించి, ముక్కుకి గుడ్డ కట్టుకుని పొద్దున్నే ఉడకబెట్టేవారు."

హేమచంద్ వెళ్ళి ఆయన ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. హనుమత్ప్రసాద్ గారు మాత్రం తలెత్తకుండా, "వండినవాడే టెస్ట్ చెయ్యకూడదు. అది రూలు" అన్నారు.

"అట్లయితే రేపటిసంది నేను వండుత. మీరు టెస్టర్."

ఆయన చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. "ఏం వండుతావు?"

"శనగలు."

హనుమత్ప్రసాద్ గారు దిక్కుతోచక భార్య వైపు చూశారు. ఆవిడ అప్పటికే శనగలు నానబోస్తున్నారు.