మేనమామ ఒడి

గంధం పూసిన పసిగుండు వాసన తగిలితే నాకు సత్తెమ్మక్క గుర్తుకొస్తుంది. నిన్నటి నుంచి ఇల్లంతా అదే వాసన.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేము నాచారంలో వరుస గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. పక్క గది సత్తెమ్మక్కది. దారం మిల్లులో పని, ముందూ వెనుకా ఎవరూ లేని మనిషి. అయినా ఆదివారం వచ్చిందంటే ఆమె గదికి తాళం పడేది. ఒక్కతే ఎక్కడికో అక్కడికి బస్సెక్కేది. "తీస్కపోయేటోళ్లు లేకుంటే ఊరు సూడొద్దా?" అనేది. నాకది వింతగా ఉండేది. మూడో తరగతితో బడి మానినదాన్ని. తీసుకుపోయేవాళ్ల కోసం ఆగడమే ఆడదాని మర్యాద అని నేర్చుకుని పెరిగాను.

ఆ వేసవిలో, కొడుకు తరువాత పుట్టిన నా బిడ్డకు మూడో ఏడు నడుస్తున్నది. పుట్టువెంట్రుకలు కీసర గుట్ట మీద, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి తీయాలి. మా అన్న ఊరి నుంచి "వచ్చే నెల" అని కబురు పంపుతూనే ఉన్నాడు. ఈ ఏడు దాటితే అయిదో ఏడుదాకా తలకు కత్తి తగలకూడదు. జడలు కట్టిన జుట్టు కింద చెమటకు కురుపులు లేచి, పిల్ల నిద్రలో గోక్కుని ఏడ్చేది. నేను కొబ్బరినూనె రాస్తూ గుమ్మం వైపు చూసేదాన్ని.

ఒక ఆదివారం ఆ గుమ్మంలో సత్తెమ్మక్క నిలబడింది.

"ఏందే, ఇంకా మీ అన్న తొవ్వనే సూస్తున్నవా?"

"మేనమామ లేకుంట ఎట్లక్కా? నలుగురు నవ్వరా?"

"నవ్వేటోళ్లను వచ్చి జర ఆ తల గోకమను. లే, బస్సొస్తది."

లేచాను. మా ఆయనా చెప్పులేసుకున్నాడు.

గుట్ట మీద మంగలి కత్తి నూరుతూ, "మేనమామ ఎవరమ్మా?" అన్నాడు. సత్తెమ్మక్క బాసింపట్టు వేసుకుని కూర్చుని, పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"నేనే. మీసాలు ఇంట్ల మర్సొచ్చిన. కానియ్యి."

మంగలి పగలబడి నవ్వాడు. తలకు గాలి తగిలిన హాయికి కాబోలు, గుండు పూర్తయ్యేసరికి పిల్ల ఆ ఒళ్లోనే నిద్రపోయింది. కురుపులు తప్పించి, వేలికొసతో గంధం అద్దింది సత్తెమ్మక్క. తరువాత "మామ పెట్టే బట్టలు" అంటూ సంచిలోంచి తాను కుట్టిన గౌను తీసింది. ఎన్నాళ్ల ముందే కుట్టి దాచుకుందో!

ఆమె ఇప్పుడు లేదు. మేము ఉప్పల్‌కు మారాం. ఏదీ పారేయని ముసలిదాన్నని ఇంట్లో నన్ను ఆడిపోసుకుంటారు. నిజమే, ఆ గౌను కూడా పారేయలేదు.

నిన్న నా బిడ్డ కూతురి పుట్టువెంట్రుకలు. మేనమామ అయిన నా కొడుక్కు సెలవు దొరకలేదు. "అన్న వచ్చినంక తీపిద్దమా అమ్మా?" అని బిడ్డ అడిగేసరికే నేను చెప్పులు వేసుకుని వాకిట్లో ఉన్నాను. మనవరాలు నా ఒళ్లోనే కూర్చుంది. గుండయ్యాక ఆ పాత గౌనే తొడిగాను.