జైతూన్ బీకి నాలుగో తోడు

ఫట్. కాసేపు ఆగి మళ్లీ ఫట్. గోల్ ఘర్‌లో బస్సు దిగి మా సందులోకి తిరిగితే, మనిషి కంటే ముందు ఆ చప్పుడే ఎదురొస్తుంది. బాగుచేసిన ప్రతి గొడుగునూ జైతూన్ బీ మూడుసార్లు తెరిచి చూస్తుంది. మూడోసారీ ఊచలన్నీ ఒక్కటిగా విచ్చుకుంటేనే చేతికిస్తుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు వాన కురిసే ఊరు. ఆమె ఇంటి మెట్ల మీద నల్ల గొడుగులు ఆరుతుంటాయి, రెక్కలు చాపుకున్న నీటికాకుల్లాగా.

ఆమె తండ్రి, సర్కారు భూములిచ్చి జనాన్ని దింపిన సెటిల్‌మెంటు రోజుల్లో, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చాడు. అప్పటికి ఆమె చంకబిడ్డ. అన్నదమ్ములు లేరు. భర్త పోయి ఇరవై ఏళ్లు. కన్న ఒక్క ఆడపిల్లా నలభై రోజులే బతికింది. ఆ బిడ్డ పోయిన వారంలోనే పక్కింటి బుల్లమ్మ కొడుకుని కని జ్వరంతో ఆసుపత్రిలో పడితే, గుక్కపట్టి ఏడుస్తున్న ఆ పసివాణ్ణి జైతూన్ బీ ఒళ్లోకి తీసుకుని పాలిచ్చింది.

వాడే అప్పలకొండ. నలభై దాటినవాడు, స్కూటరు వెనక పెట్టె కట్టుకుని చేపలమ్ముతాడు. బుల్లమ్మని అమ్మా అంటాడు, ఈమెని అమ్మీ అంటాడు. గొడుగులు బాగుచేసే తల్లి ఉండి కూడా ఎప్పుడూ తడిసే తిరుగుతాడు.

జైతూన్ బీకి మక్కా చూడాలని కోరిక. దారిఖర్చుకి లోటు లేదు. లోటల్లా మగతోడే. ఆడమనిషి హజ్‌కి వెళ్లాలంటే మహరమ్ వెంట ఉండాలనేవారు. భర్త కావాలి, లేదా తండ్రి, తోబుట్టువు, కొడుకు లాంటి, పెళ్లికి వరస కాని దగ్గరి మగవాడు కావాలి.

"పాలు తాగినోడు కొడుకు కాడేటి?" అంటూ ఒక ఏడు ఆమె అప్పలకొండనే వెంటబెట్టుకుని దరఖాస్తులు తీసుకునే ఆఫీసుకి వెళ్లింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ, చేపల వాసన అతనికంటే ముందే లోపలికి వెళ్లింది.

గుమాస్తా పేరు అడిగి రాయబోయి, కలం ఎత్తేశాడు.

"అప్పలకొండా? భయ్యా, నువ్వు మక్కాకి ఎలా వెళ్తావు?"

"ఇమానమెక్కి."

పక్కనే కూర్చున్న మసీదు పెద్ద నవ్వకుండా ఆమెకి విడమరిచి చెప్పాడు. పాల చుట్టరికం చుట్టరికమే, అతను నీ కొడుకే. కానీ ముస్లిం కానివాడికి మక్కా పొలిమేర దగ్గరే దారి ఆగిపోతుంది.

"పొలిమేర కాడ ఆగిపోయే కొడుకువిరా నువ్వు," అని ఆమె దారంతా నవ్వింది. అతను నవ్వలేదు.

2017 చివర్లో గాలి మారింది. నలభై అయిదు దాటిన ఆడవాళ్లు నలుగురు జట్టుకడితే మహరమ్ లేకపోయినా దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. వింబర్లీగంజ్‌లోని మలయాళీ అక్కచెల్లెళ్లు ఆయిషుమ్మ, పాతుమ్మ సరేనన్నారు. ముగ్గురయ్యారు. గడువు పదకొండు రోజులే ఉంది. నాలుగో మనిషి దొరకలేదు.

అప్పలకొండ ఆ పని తన నెత్తినేసుకున్నాడు. మొదటి రోజే ఒక గుమ్మంలో, "దీదీ, తాజా సూరలు! మీకు నలబయ్యైదు దాటాయా?" అని అడిగి, చీపురు తిరగేసేలోపు స్కూటరెక్కాడు.

"ముందు హజ్ మాటెత్తాలి, వయసు ఆఖర్న అడగాలి," అంది జైతూన్ బీ.

"నువ్వు సెప్పలేదు గదమ్మీ!"

"అరే, ఇరవై ఏళ్లుగా ఆడోళ్లకి చేపలమ్ముతున్నావు. ఇదీ నేనే చెప్పాలా?"

తొమ్మిదో రోజు ప్రోతరాపూర్‌లో, ఆసుపత్రి ఆయాగా రిటైరైన హలీమా చేప మొప్ప ఎత్తి చూస్తూ అతని మాటంతా విన్నది. విని, చేపని పెట్టెలో పెట్టేసింది.

"తోడు లేకే కదా కూర్చున్నాను. ఎవరి కోసం అడుగుతున్నావు?"

"మా అమ్మీ కోసం."

"నీ పేరేంటి?"

"అప్పలకొండ."

హలీమా తలుపు పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక లోపలికెళ్లి పాస్‌పోర్టు తెచ్చింది. "అరవై ఒకటి. చూసుకో!" మర్నాడు సాయంత్రం నలుగురూ గొడుగుల మధ్యే మెట్ల మీద కూర్చుని దరఖాస్తుల మీద సంతకాలు పెట్టారు.

వాళ్లు బయల్దేరిన రోజు ఎయిర్‌పోర్టు దారి లంబాలైన్ అంతా సన్నగా వాన. సందులోవాణ్ణిగా సాగనంపడానికి నేనూ వెళ్లాను. జైతూన్ బీ బాగుచేసిన గొడుగు నా చేతిలో ఉంది, దాని కింద ఆమె నడుస్తోంది. అప్పలకొండ నలుగురి సంచులూ భుజాన వేసుకుని ముందు నడిచాడు. ఎయిర్‌పోర్టు తలుపు దగ్గర జవాను చెయ్యి అడ్డం పెట్టాడు. టికెట్టు లేనివాళ్లు ఇక్కడిదాకే.

"పొలిమేర ఇక్కడే వొచ్చీసిందమ్మీ," అన్నాడు అప్పలకొండ, సంచులు దింపుతూ.

ఆమె అతని తడిసిన తల మీద చెయ్యి వేసింది. తర్వాత గొడుగు కిందనుంచి పక్కకి జరిగి, నావైపు చూసింది.

"నేనిక లోపలికెళ్తాను గదా భయ్యా, మా వోడికి పట్టు. తడిసిపోతన్నాడు."