తల దించితే కళ్ళు మూసుకుపోయే గోల్ఫు

మా ఆయన గుండెకు స్టెంటు వేసి ఇంటికి పంపుతూ డాక్టరు, "రోజూ నడవకపోతే మళ్ళీ ఇక్కడికే వస్తారు" అన్నాడు. ఉద్యోగమంతా మారికుప్పం రైల్లో కూర్చుని బెంగళూరికి పోయివచ్చిన మనిషికి ఆ మాట నచ్చలేదు.

"ఊరికే తిరిగొచ్చేదానికి నేనేమన్నా మేకనా?" అని కుర్చీలో సర్దుకున్నారు. కొద్దిరోజుల్లోనే ఆ కుర్చీకి ఆయన ఆకారం వచ్చేసింది. నేను ప్రార్థించాను. దేవుడు నా ఆడపడుచును పంపాడు. వేరే మనుషులు దొరకలేదు కాబోలు. అయినా స్తోత్రమే.

ఆమె డ్రిల్లు టీచరుగా రిటైరైంది. బంగారు గనుల కాలంలో దొరలు ఆడిన గోల్ఫు మైదానంలో ఇప్పుడు తాను ఆడుతుంది. "అన్నా, వదినకు గోల్ఫు నేర్పిస్తా. నువ్వూ రా, చూసి నవ్వుదువు" అంది. మా ఆయన వెంటనే చెప్పులు వెతుక్కున్నారు.

మరుసటి పొద్దున చీర కింద కాన్వాసు బూట్లతో, బంగారం తీశాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బలకు ఎదురుగా కర్ర పట్టుకుని నిలబడ్డాను.

"తల దించు వదినా. బంతిని చూడు. కొట్టు."

కొట్టాను. ఎర్రమట్టి లేచింది. బంతి ఉన్నచోటే ఉంది.

"చూడమంటే కండ్లు మూస్తావేంది?"

మూసిన సంగతి నాకే తెలియదు. నేను బడికి పోలేదు. అమ్మ ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి చదువు చెప్పింది. అక్షరాల కన్నా ముందు నేర్పింది ఒకటే: తల దించు, కళ్ళు మూసుకో. మధ్యలో తెరిస్తే మొట్టికాయ. ఈ వయసులోనూ తల వంగితే రెప్పలు వాటంతటవే పడిపోతాయి. ఒక చెయ్యి కర్ర వదిలేసి తలమీదికి కొంగు లాగబోతుంది కూడా.

మా ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. "ఏమే, బంతికి స్వస్థత ప్రార్థన చేస్తా ఉండావా? దానికేం, బాగానే ఉండాది!"

అట్లా నవ్వుతూనే మైదానమంతా నా వెంట నడిచారు. రోజూ నడిచారు. నాకు కావలసింది అదే.

మా మైదానంలో బంతి పడాల్సిన గుంటల చుట్టూ పచ్చిక ఉండదు, నూనె కలిపిన ఇసుక ఉంటుంది. ఆడినవాళ్ళే దాన్ని పలకతో చదును చేసి పోవాలి. రాగులు ఎండబోసిన చేతులు కదా, ఆ పని మాత్రం నాకు బాగా వచ్చింది. "ఆట ఇడిచిపెట్టి ఇదే చెయ్యి వదినా" అనేది ఆడపడుచు. చివరికి ఆమెకే ఉపాయం తట్టింది.

"ప్రార్థనకు కదా కండ్లు మూసేది? పాట పాడు. పుస్తకం చూసే కదా పాడతావు!"

గొంతులో కీర్తన ఎత్తుకుని కొట్టాను. బంతి లేచింది. నిజంగానే లేచి, కొక్కెరలాగా చాలా దూరం పోయి వాలింది. ఆడపడుచు ఈల వేసింది. మా ఆయన నవ్వలేదు.

మర్నాడు కుర్చీలోంచి కదలలేదు.

"లేయండి, పొద్దెక్కతా ఉండాది."

"ఇంగేముందే చూసేదానికి? నీకు వచ్చేసింది కదా."

మళ్ళీ కళ్ళు మూసుకుని ఆడదామా అనుకున్నాను. కానీ అది దొంగ ప్రార్థన అవుతుంది. అందుకని నోటికి పని చెప్పాను.

"అంత సులభమైతే మీరొకటి కొట్టండి. లేదంటే ఆదివారం చర్చిలో అందరికీ చెప్తా, పెండ్లాం బంతి మైదానం దాటింది, మొగుడు కుర్చీ దాటలేదని."

వచ్చారు. నా చేతిలోని కర్ర లాక్కుని బలంగా ఊపారు. టోపీ ఎగిరిపోయింది, బంతి అక్కడే ఉంది. ఆడపడుచు నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడింది.

"గాలి ఎక్కువగా ఉండాది" అన్నారు ఆయన. చెట్టుమీద ఒక్క ఆకు కదిలితే ఒట్టు.

ఇప్పుడు నాకన్నా ముందే లేచి స్నానాల గది తలుపు కొడుతున్నారు. బంతి తగలడం కూడా మొదలైంది, కానీ ఎప్పుడూ తుప్పల్లోకే పోతుంది. దాన్ని వెతుకుతూ, తిట్టుకుంటూ, మా ఇద్దరికన్నా రెండింతలు తిరుగుతారు. నేను ఇసుక చదును చేస్తూ తల దించుతాను. అప్పుడు కళ్ళు మూసుకున్నా ఎవరూ అడగరు.

ప్రభువా, నీకు స్తోత్రం. ఈయన బంతిని ఇంకొన్నాళ్ళు వంకరగానే పోనివ్వు.