పేపర్లో పడ్డ పిన్ని

మొన్న సాయంత్రం రాజమండ్రి పుష్కరాల రేవులో మెట్ల మీద కూర్చున్నాం, నేనూ మా పిన్నీ. ఎవరో అమ్మాయి సెల్‌ఫోనులో వీడియో తీసుకుంటోంది. ఫోను ఇటు తిరిగిందో లేదో, పిన్ని చప్పున కొంగు ముఖం మీదకి లాక్కుని, చెబుతున్న మాట మధ్యలోనే ఆపేసి, నా వీపు చాటుకి జరిగింది. "మిమ్మల్ని కాదు ఆంటీ, వెనకాల బ్రిడ్జిని తీస్తున్నా. అయినా పబ్లిక్ ప్లేసే కదా!" అంది ఆ పిల్ల నవ్వుతూ. పిన్ని కూడా మర్యాదకి నవ్వింది గానీ, నా వీపు చాటు నుంచి మాత్రం ఇవతలికి రాలేదు. డెబ్బైకి దగ్గరపడిన మనిషిని ఎవరు ఫోటో తీస్తే మాత్రం ఏం, అనుకుంటారు చూసేవాళ్లు. నాకు మాత్రం ఒకప్పుడు నరసాపురంలో మేమున్న ఇల్లూ, అందులో గుట్టలుగా పేర్చిన పాత పేపర్లూ గుర్తొచ్చాయి.

పిన్ని అంటే మా అమ్మకి తోబుట్టువు కాదు, చిన్నప్పటి స్నేహితురాలు. కాకినాడ అవతల ఒక ఊళ్లో కిరాణా కొట్టున్న ఆయనకి ఇచ్చి చేశారు. కొట్లో ఎంత మెత్తగా మాట్లాడేవాడో ఇంట్లో అంతగా చెయ్యి చేసుకునేవాడట. ఒకసారి పుట్టింటికి పారిపోతే, "సంసారమన్నాక మామూలే" అని పెద్దమనుషులే బస్సెక్కించి వెనక్కి పంపారు. ఆ వారమే ఆవిడ మోచేతి మీద కాగుతున్న నూనె పడింది. 'పడింది' అనే అంటుంది ఆవిడ, ఇప్పటికీ. రెండోసారి మాత్రం పుట్టింటికి వెళ్లకుండా, ఆయనకి ఊసైనా తెలియని మా ఇంటికి వచ్చింది. "ఈసారి దొరికితే చంపేస్తాడే" అని అమ్మతో అంటుంటే నేను విన్నాను. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా పెరటి గదిలో ఉంటూ, పక్క వీధిలో చిన్నపిల్లల బడిలో టీచరుగా చేరింది. మెల్లగా తేరుకుంది. ఉప్మాలో ఉప్పెక్కువైందని అమ్మని వెక్కిరించేదాకా వచ్చింది.

అదిగో, సరిగ్గా అప్పుడే పేపర్లో పడింది. బడిపిల్లల్ని అంతర్వేది తీసుకెళ్తూ పంటు మీద గోదావరి దాటుతుంటే, ఒక పిల్లాడి టోపీ ఎగిరి నీళ్లలో పడిందట. పిన్ని పగలబడి నవ్వింది. ఆ నవ్వు మా జిల్లా ఎడిషన్ మొదటి పేజీలో అరచేతి వెడల్పున అచ్చయింది. కింద ఆవిడ పేరు లేదు, నరసాపురం రేవు అని మాత్రం ఉంది. వెతికేవాడికి ఊరి పేరు చాలదూ! ఆ పేజీ చూసి పిన్ని పీట మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది.

మా నాన్న ప్లీడరు గుమాస్తా. "మన జిల్లా పేపరు గోదావరి దాటి ఆ జిల్లాకి వెళ్లదమ్మా" అని ధైర్యం చెప్పబోయారు. "చదివే పేపరు వెళ్లదండి, పాత పేపరు ఎక్కడికైనా వెళ్తుంది. ఆయనది కిరాణా కొట్టు. పొట్లాలు దేంతో కడతాడనుకున్నారు?" అంది అమ్మ. నాన్న వెళ్లి తన ప్లీడరుగారిని అడిగొచ్చారు. నలుగురూ తిరిగే చోట తీసిన ఫోటోకి ఎవరి అనుమతీ అక్కర్లేదనీ, కాదని కేసు వేస్తే ఆవిడ పేరూ, ఇంటి అడ్రసూ కోర్టు కాగితాల మీదకి ఎక్కుతాయనీ, ఫోటో కింద లేనివల్లా అవేననీ ఆయన చెప్పారట.

ఇక అమ్మ కొంగు నడుముకి దోపింది. అల్మరాల్లో పరవడానికని ఇల్లిల్లూ తిరిగి పేపర్లు అడిగేది. ఒక్కరోజుది అడిగితే అనుమానం వస్తుందని కట్టలకి కట్టలే మోసుకొచ్చేది. మా అమ్మ పాత పేపర్ల వ్యాపారం పెట్టిందని వీధంతా చెప్పుకున్నారు. ఆ పేజీ దొరికినప్పుడల్లా నీళ్ల పొయ్యిలో పెట్టేవాళ్లం. నవ్వుతున్న పిన్ని ముఖం అంచు నుంచి నల్లబడి ముడుచుకుపోయేది. అయినా జిల్లాలో ఉన్న ఇళ్లన్నిటికీ మేం వెళ్లగలమా? పిన్ని బడికి సెలవు పెట్టేసింది. గేటు చప్పుడైతే చాలు, వంటింటి తలుపు వెనక్కి వెళ్లి నిలబడేది.

ఒక ఆదివారం నాన్న ఊళ్లో లేరు. గేటు దగ్గర మగగొంతు వినిపించింది. "ఈ ఫోటోలో ఉన్న టీచరుగారి ఇల్లు ఇదేనాండి?" అమ్మ చేతికందిన రోకలి పట్టుకుని గుమ్మంలోకి వెళ్లింది. చూస్తే, మెడలో కెమెరాతో ఒక బక్కమనిషి. చేతిలో అదే ఫోటో, పెద్దది చేయించి ఉంది. "నేనేనండి తీసింది. బాగా వచ్చింది కదాని ఆవిడకో కాపీ ఇద్దామని, బజారంతా చూపించి అడుక్కుంటూ వచ్చానండి" అన్నాడు, రోకలి వైపు చూస్తూ. బజారంతా!

అప్పుడు తలుపు వెనక నుంచి పిన్ని వచ్చింది. "తీసేముందు నన్నొక మాట అడగాలనిపించలేదాండి?"

"అడిగితే ఆ నవ్వు ఉండదు కదండీ. అయినా నలుగురిలో, పంటు మీద తీశానండి. దొంగచాటుగా కాదు కదా."

పిన్ని కొంగు పక్కకి తీసి మోచేతి మీది మచ్చ చూపించింది. "ఇది చేసినాయన నా కోసం వెతుకుతున్నాడండి. నేనెక్కడున్నానో ఆయనకి మీరు చెప్పారు."

అతని ముఖంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. ఫోటో అరుగు మీద పెట్టేసి వెళ్లిపోయాడు. ఆ పెద్ద ఫోటోని అమ్మ అప్పుడే పొయ్యిలో పెట్టింది. మర్నాడు అతనే వచ్చి, "ఇంకెక్కడా లేదండి, ఇదొక్కటే" అని నెగెటివు అమ్మ చేతిలో పెట్టి వెళ్లాడు. దాన్ని మాత్రం పిన్ని కాల్చనివ్వలేదు. "ఉండనీవే. ఇందులో నన్నెవరు గుర్తుపడతారు?" అంది.

పిన్ని భర్త మాత్రం రాలేదు. ఆ పేజీ ఆయన కొట్టుదాకా వెళ్లిందో లేదో మాకు ఎప్పటికీ తెలియలేదు. ఆయన పోయాడన్న కబురు విని కూడా ఏళ్లయింది. పిన్ని ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. మొన్న రేవు నుంచి ఇంటికొచ్చాక నేనే కదిపాను. "ఆ నెగెటివు ఇలా ఇవ్వు పిన్నీ, ఫోటో కడిగిస్తాను. ఇంకెవరున్నారు వెతకడానికి?" అన్నాను. బీరువాలో చీరల అడుగు నుంచి తీసి, ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. "ఎంత నవ్వానే!" అంది. ఇచ్చేస్తుందనుకుని చెయ్యి చాచాను. మళ్లీ చీరల అడుగునే పెట్టి తాళం వేసింది. కాలం అన్నిటినీ మరిపిస్తుందంటారు గానీ, మా పిన్ని దగ్గర మాత్రం దాని పప్పులు ఉడకలేదు.