పక్క నంబరు మామయ్యగారు

మామయ్యగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. తప్పు నంబరు నొక్కి ఇంట్లో ఊడిపడినవాళ్ళని తిట్టకుండా వదలలేరు. తాగుడు లేదు, పేకాట లేదు, కోడలి వంటకి వంక పెట్టిన పాపాన ఏనాడూ పోలేదు. కానీ హాల్లో ఉన్న దూరగుమ్మం, అదే, నంబరు నొక్కితే ఏ ఊరికైనా చేర్చే గుమ్మం, నీలంగా వెలిగి, అందులోంచి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అడుగు పెట్టాడా, వాడి పని అయిపోయిందన్నమాటే.

“కళ్ళు నెత్తికెక్కాయా? ఒక్క అంకె సరిచూసుకోవడానికి ఏం రోగం? మనిషివా, అచ్చుతప్పువా?”

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారు. రిటైరయ్యాక దిద్దడానికి కాగితాలు లేక మనుషుల మీద పడ్డారని వీధిలో అనుకుంటారు. వీధి ఆయనకి పెట్టిన పేరు కూడా అచ్చుతప్పే. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు, బతకాలి కదా!

ఈ రభసలో నలిగిపోయింది కోడలు. ఆవిడ బట్టలు కుడుతుంది. గుడ్డ పరిచి కత్తిరించాలంటే హాలు తప్ప చోటు లేదు. తెల్లటి పట్టు పరిచి, సుద్దతో గీసి, కత్తెర చేతిలోకి తీసుకుంటుందో లేదో గుమ్మం వెలుగుతుంది. బురద బూట్లతో ఒకాయన వచ్చి సరిగ్గా నడుము కొలత మీద నిలబడి, “గుండె డాక్టరుగారు ఎక్కడండీ?” అంటాడు. చెప్పండి, ఎవరికైనా ఒళ్ళు మండదూ?

అసలు తప్పంతా చిరునామాల ఆఫీసుది. ఊళ్ళకి ఊళ్ళు ఒక్క అంగలో దాటించే గుమ్మాలు కనిపెట్టిన మహానుభావులు, వాటికి నంబర్లు ఊరిని బట్టీ వీధిని బట్టీ ఇచ్చారనుకుంటున్నారా? అంత తెలివే ఉంటే ఇంకేం! క్యూలో ముందు ఎవరు నిలబడితే వాళ్ళకి ముందు నంబరు. గోడ పంచుకున్న పక్కింటి నంబరుకీ వీళ్ళ నంబరుకీ పొంతనే లేదు. ఎక్కడో కొండలవతల ఉన్న గుండె ఆసుపత్రి నంబరుకీ వీళ్ళ నంబరుకీ మాత్రం చివరి అంకె ఒక్కటే తేడా. ఆ రోజు క్యూలో ఆసుపత్రి గుమస్తా వెనకాల నిలబడింది మామయ్యగారే మరి. కంగారులో వేలు పక్క మీట మీదకి జారిందా, డాక్టరు బదులు ఈయన దర్శనం అవుతుంది.

పోనీ, వచ్చినవాణ్ణి తిట్టి ఊరుకుంటారా అంటే అదీ లేదు. అచ్చాఫీసు పద్ధతి పాటించాల్సిందే. ఒకరు పైకి చదవాలి, ఒకరు సరిచూడాలి.

“ఊఁ, చదువు. నేను నొక్కుతాను.”

“నాకు గుర్తుందండీ, నేనే నొక్కుకుంటా.”

“గుర్తుంటే మా ఇంట్లో ఎందుకు ఊడిపడ్డావయ్యా? చదువు!”

వాడు చదువుతాడు, ఈయన నొక్కుతారు, గుమ్మం వెలుగుతుంది, వాడు వెళ్ళిపోతాడు. పట్టు మీద బూటు గుర్తు మాత్రం ఉండిపోతుంది.

ఇది చాలదన్నట్టు ఆ ఇంట్లో చెప్పుల గొడవ ఒకటి. మామయ్యగారి చెప్పులు కొన్నవి కొన్నట్టు మాయమైపోతాయి. రంకెలు వేసేది మళ్ళీ ఆయనే.

“ఈ ఇంట్లో చెప్పులు నిలవవు!”

“ఎక్కడ విప్పారు మామయ్యా?”

“విప్పిన చోటే!”

“అక్కడ లేవు కదా.”

“లేవనేగా అరుస్తున్నది!”

ఇక కోడలి ఓపిక ఎన్నాళ్ళని ఉంటుంది? ఒక పెళ్ళికూతురి గౌను గుడ్డ బూట్ల పాలైంది. పెళ్ళివాళ్ళు నానా మాటలూ అని, మళ్ళీ గుడ్డ కొనిచ్చారు. ఇదీ పాడైతే ఇక ఈ ఊళ్ళో కుట్టు పని మర్చిపొమ్మన్నారు. అదే మధ్యాహ్నం ఆవిడ చిరునామాల ఆఫీసుకి ఫోను చేసి కొత్త నంబరు అడిగింది. మొగుడికి చెబితే, “మా నాన్నకీ నీకూ మధ్య నన్ను లాగకు తల్లీ” అని దణ్ణం పెట్టి పనికి పోయాడు.

ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు కొత్త నంబరు పలక, స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు. మామయ్యగారు గుమ్మం పక్కనున్న పాత నంబరు పలకకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

“ఒక్క సంతకం పెట్టండి పెద్దాయనా. ఇక ఒక్కరు కూడా దారి తప్పి రారు.”

“పెట్టను.”

“ఏమండీ?”

“నంబరు నాది. తప్పు వాళ్ళది. నేనెందుకు మారాలి?”

పట్టు పరుస్తున్న కోడలు విసురుగా లేచింది. “మీ పంతం కోసం నా పని గంగలో కలవాలా మామయ్యా? రోజూ ఎవడో ఒకడు నా గుడ్డ తొక్కాలి, మీరు వాణ్ణి తిట్టుకోవాలి, అంతేనా? నంబరు మారితే తిట్టడానికి మనుషులు దొరకరు, అదేగా మీ బెంగ!”

మామయ్యగారు నోరు తెరిచారు. అంతలో గుమ్మం వెలిగింది.

ఈసారి వచ్చినవాడు ఇంట్లో బట్టలతో, ఒట్టి కాళ్ళతో ఉన్నాడు. చేతుల్లో ముసలితల్లి. ఆవిడ ఊపిరి చప్పుడు హాలంతా వినిపిస్తోంది. వాడు తెల్లపట్టు మధ్యలో నిలబడి అయోమయంగా చుట్టూ చూశాడు.

“కళ్ళు నెత్తికెక్కాయా?” కుర్చీ పక్కకి తన్ని లేచారు మామయ్యగారు. “తల్లిని ఎత్తుకుని బయల్దేరినవాడివి నంబరు చూసుకోవద్దూ? చదువు!”

వాడు చదవబోయి, తల్లి మొహం చూసి, అంకెలన్నీ మర్చిపోయాడు.

“పోనీలే, వెధవ నంబరు!” అని ఆయన అప్పటికే నొక్కేస్తున్నారు. “వెళ్ళగానే ఎడమకి తిరుగు. కుడివైపు క్యూలో నిలబడ్డావో, నీ అంత అచ్చుతప్పు లోకంలో లేడు! ఆ కాళ్ళేమిటి? అక్కడ నున్నటి రాతినేల, ఎప్పుడు చూసినా నీళ్ళు కొట్టి తుడుస్తుంటారు. జారి తల్లిని పడేస్తావా? తొడుక్కో!”

తన చెప్పులు వాడి కాళ్ళ ముందుకి తోశారు. వాడు తొడుక్కున్నాడు, తల్లితో సహా నీలం వెలుగులోకి వెళ్ళిపోయాడు.

అలవాటు కొద్దీ మామయ్యగారు, “ఈ ఇంట్లో చెప్పులు...” అని మొదలుపెట్టి, కోడలు తనకేసే చూస్తోందని గమనించి ఆగిపోయారు.

కోడలు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. “మేం మారిపోతే ఈ పాత నంబరు ఏమవుతుంది?”

“ఖాళీగా ఉంటుందమ్మా.”

“ఖాళీ నంబరు నొక్కినవాళ్ళ సంగతి?”

“ఎర్రదీపం వెలుగుతుంది. గుమ్మం చల్లారాక మళ్ళీ నొక్కుకోవాలి.” పట్టు మీది పాదాల గుర్తులు చూస్తూ అతను గొంతు తగ్గించాడు. “కాసేపు పడుతుంది.”

“ఆ కాసేపే కదయ్యా వాళ్ళ దగ్గర లేనిది!” మామయ్యగారు భగ్గుమన్నారు. “దీపం వెలిగించి చేతులు దులుపుకుంటారు! దీపం తిడుతుందా? ఎడమకి తిరగమని చెబుతుందా?”

“ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాట చెప్పలేదేం మామయ్యా?”

“ఏం చెప్పమంటావమ్మాయ్? జాలి పడితే వాళ్ళు ఇక్కడే కూలబడి ఏడుస్తారు. తిడితే ఒళ్ళు మండి తిన్నగా నిలబడతారు.” ఆయన పట్టు వైపు చూసి మొహం తిప్పుకున్నారు. “నీ గుడ్డ సంగతే... నాకూ బాధగానే ఉంది.”

కోడలు వంగి పట్టు మడిచింది. ఉతికితే పోయే మరకలే అవి, బురద కాదు. “పెరట్లో గది నిండా మీ పాత ప్రూఫులేగా? అవి ఇవాళే బయటికి పోతాయి. ఇకమీదట అక్కడ కత్తిరించుకుంటాను.”

“నా ప్రూఫులా!”

“అరవకండి, చెప్పులు కొనిపెడతాను.”

ఇన్‌స్పెక్టరు తల గోక్కున్నాడు. “ఆఫీసులో నేనేం చెప్పుకోనమ్మా?”

“పెద్దాయన సంతకం పెట్టలేదని చెప్పండి. అబద్ధమా ఏమిటి?”

గౌను సమయానికి అందింది. పెళ్ళివాళ్ళు ఇంకో రెండు గౌన్లు కుట్టమన్నారు. అంతా బాగానే ఉంది గానీ, ఒక రోజు పొద్దుటి నుంచి ఒక్క మనిషీ దారి తప్పి రాలేదు. మామయ్యగారు గుమ్మం చుట్టూ తిరిగారు, చట్రం మీద తట్టారు, చిరునామాల ఆఫీసుకి ఫోను చేసి కేకలు వేశారు. “పనిచేస్తోందా, పాడుచేసి పెట్టారా? జనం ఇంత సరిగ్గా నొక్కడమేమిటి? నేను నమ్మను!” భోజనం కూడా సయించలేదు.

కోడలు పెరటి గదిలోంచి ఇదంతా విన్నది. కత్తెర కింద పెట్టి, చెప్పులు అక్కడే వదిలేసి, వీధి చివర అందరూ వాడుకునే గుమ్మం దాకా నడిచింది. ఆసుపత్రి నంబరు నొక్కుతూ నొక్కుతూ, చివరి అంకె దగ్గర వేలు కావాలనే పక్కకి జరిపింది.

హాల్లో గుమ్మం వెలిగింది.

“కళ్ళు నెత్తికెక్కాయా?” మామయ్యగారి గొంతు ఇల్లు ఎగిరిపోయేలా లేచింది. మొహం మాత్రం వెలిగిపోతోంది. “సొంత ఇంటి నంబరుకీ ఆసుపత్రి నంబరుకీ తేడా తెలీదూ? మనిషివా, అచ్చు...” ఆయన చూపు ఆవిడ కాళ్ళ మీద పడింది. “చెప్పులేవమ్మాయ్?”

“తొందరలో మర్చిపోయాను మామయ్యా.”

ఇంకో అరగంటకి సరిపడా తిట్లు తిడుతూనే, ఆయన కొత్త చెప్పులు విప్పి ఆవిడ ముందుకి తోశారు. తన కాళ్ళకి రెండింతలున్న ఆ చెప్పులు టపటపలాడించుకుంటూ ఆవిడ పెరటి గది చేరేలోగా, హాల్లోంచి రంకె వినిపించింది.

“ఈ ఇంట్లో చెప్పులు నిలవవు!”