మొహాల మీద కుంచె

కుంచె మాస్టారు ఎదురుపడితే నమస్కారం తర్వాత పెట్టుకోవచ్చు, ముందు మొహం కాపాడుకోవాలి. ఆయన జేబులో నాలుగు వెంట్రుకల సన్న కుంచె ఒకటి ఉంటుంది. "కళ్లు మూసుకోండి" అంటారు. మూసుకున్న మరుక్షణం బుగ్గ మీదో ముక్కు కొస మీదో దాన్ని తాకించి, "తెలిసిందా?" అంటారు.

మొహమే ఆయన వృత్తి. మొహం మీద ఈగ వాలిందన్న కబురు మెదడుకు మోసే నాడీకణాలు పుర్రె లోపల ఒక చిన్న ముద్దలో కాపురముంటాయి. ఎలుకలో ఆ ముద్ద బియ్యపుగింజంత. అందులో పెదవి కణాలది ఏ మూల, కనుబొమ కణాలది ఏ మూల అని మాస్టారు పదకొండేళ్లుగా పటం గీస్తున్నారు. ఆ గింజను ఉల్లిపొరకన్నా పలచగా కోసిచ్చేది కోతలక్క. ఆమె కోతలన్నీ యంత్రం మీదే, మాటల్లో ఒక్కటీ ఉండదు.

ఎలుకలు చాలవన్నట్టు ఆర్నెల్ల క్రితం ఆయన మనుషుల మీద పడ్డారు. ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మ్యాన్‌ను కూడా వదల్లేదు. మీటింగులో పరిశోధనశాల డైరెక్టరుగారి గడ్డానికే కుంచె తాకించారు.

"తెలిసిందా?"

"నాకు తెలిసిందయ్యా, నీకే ఏమీ తెలియడం లేదు!"

"గడ్డం, కుడివైపు, తెలిసింది" అంటూ మాస్టారు నోటుబుక్కులో పెన్ను ఆడించారు.

కోతలక్కకు మాత్రం ఆ కుంచెను చూస్తే ప్రాణం మీదికి వచ్చేది. ఆర్నెల్ల క్రితమే ఆమె జ్ఞానదంతం పీకించుకుంది. పన్నుతోపాటు కింది పెదవిలో ఎడమ సగానికి స్పర్శ కూడా పోయింది. "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు పళ్ల డాక్టరు. టీ గడ్డం మీద కారినా తెలిసేది కాదు. నలుగురూ చూస్తే తల కొట్టేసినట్టుంటుందని క్యాంటీన్ మానేసి, స్టోర్‌రూములో గోడవైపు తిరిగి తినేది. ఎవరికీ చెప్పలేదు. రాజీనామా రాసి సొరుగులో పెట్టుకుంది.

అందుకే మాస్టారు నోరు తెరవకముందే "ఓ, తెలిసింది" అనేసేది.

ఒక సోమవారం ఎప్పటిలాగే కళ్లు మూసుకుంది.

"అబ్బా, చక్కిలిగింత!"

పెదవి తడుముకోబోతే, చేతిలోని కోతలు అతికించిన గాజుపలక కిందపడి ముక్కలైంది. రెండు వారాల పని! మాస్టారు అటు చూడనైనా లేదు. గబగబా ఏదో రాసుకుని, కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకుని, "ఎలుకలకు నీళ్లు పెట్టాలి" అంటూ వెళ్లిపోయారు. నోటుబుక్కు బల్ల మీదే మరిచిపోయారు.

కోతలక్క తెరిచి చూసింది. డైరెక్టరు పేజీ ఖాళీ. పోస్ట్‌మ్యాన్ పేజీ ఖాళీ. ఆమెవి మాత్రం నలభై పేజీలు. మొదటి పేజీలో ఇలా ఉంది: "గడ్డం మీద టీ కారినా ఆమెకు తెలియలేదు. ఒక్కర్తినే అడిగితే చిన్నబుచ్చుకుంటుంది. అందరినీ అడగాలి." మరో పేజీలో: "ఈరోజు కుంచె తాకించనే లేదు. అయినా తెలిసిందంది. ఇకమీదట మాట నమ్మరాదు, కనురెప్ప అదురుతుందేమో చూడాలి."

ప్రతి పేజీలో ఒక పెదవి బొమ్మ, దాని ఎడమ సగమంతా నలుపు. చివరి పేజీలో ఆ నలుపు మధ్య ఒక తెల్ల చుక్క.

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గాజుముక్కల్ని రాజీనామా కాగితంతోనే ఎత్తి, కాగితంతో సహా చెత్తబుట్టలో పడేసింది.

ఆ మధ్యాహ్నం ఆమె క్యాంటీన్‌కు వెళ్లింది. మాస్టారు కుంచె పట్టుకుని డైరెక్టరుగారి వెంటపడుతున్నారు.

"మాస్టారూ, నా ఒక్కదానికే చూస్తే చాలుగా? పాపం, ఇంకా వాళ్లనెందుకు?" అంది మెల్లగా.

"ఇప్పుడే ఆపితే ఎందుకు మొదలుపెట్టానో తెలిసిపోదుటమ్మా?" అని గొణిగి, మాస్టారు అటు తిరిగారు.

"సార్, కళ్లు మూసుకోండి."