పేరు చెప్పనక్కర్లేదన్న నంబరు

చెరకు కాటా దగ్గర గోడకి ఆ కాగితం అంటించిన రోజు పైకి చదివింది నేనే. ముసలితనంలో వయోజన బడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి, మనసులో చదువుకోవడం ఇప్పటికీ రాదు. దొంగతనాల సంగతి తెలిస్తే ఈ నంబరుకి ఫోన్ చేయండి, పేరు చెప్పనక్కర్లేదు, దొంగ దొరికితే బహుమతి ఇస్తాం అని ఉంది. విన్నవాళ్లు నేల చూపులు చూశారు. పొలాల్లో మోటార్లు విప్పి రాగితీగ పట్టుకుపోతున్నది ఎవరో సగం ఊరికి తెలుసు. భయమని ఒప్పుకోలేక మనకెందుకులే అనేవారు.

మా గట్టుకి ఆనుకుని, మొగుడు పోయిన ఒకావిడకి ఎకరం చెరకుంది. ఆమె మోటారూ పోయింది. తీగ మోసుకుపోతుంటే కళ్లారా చూసింది. వాడు సొంత మరిది కొడుకు. తోట ఎండుతోంది. ఆఖరికి నా దగ్గరికొచ్చి, నా ఫోన్లోంచి నంబరు కలిపిమ్మంది.

పేరు చెప్పొద్దని మరీ మరీ చెప్పాను. తలూపింది. అవతల హలో అనగానే కొంగు సర్దుకుని నమస్కారం పెట్టి, ఊరు, వీధి, పోయిన మొగుడి పేరు, తన పేరు వరసగా చెప్పేసింది. ఎవరింటి మనిషో చెప్పకుండా మాట మొదలెట్టడం మా వైపు మర్యాద కాదు. ఫోన్ పెట్టేశాక గానీ ఆమెకి తెలిసిరాలేదు.

"పేరు సెప్పేసేను మావా. ఆళ్లకి తెలిస్తే నన్ను బతకనిస్తారేటి?"

"పోలీసోళ్లు బయటపెట్టరులే."

"ఆళ్లు పెట్టరు. ఊరు ఊరుకుంటాదేటి?"

చోడవరం నుంచి పోలీసులొచ్చి వాణ్ణి పట్టుకెళ్లారు. మర్నాడు ఆమె మరిది టీకొట్టు దగ్గరికొచ్చి, పట్టించినోడెవడని అడిగాడు. నేనే అన్నాను.

"డబ్బుకి ఆశపడ్డావేటి ముసలోడా?"

"నీ కొడుకు దొంగ. అందుకు సెప్పేను."

చెయ్యెత్తాడు. పక్కవాళ్లు పట్టుకున్నారు. ఆ ఇంటివాళ్లు ఇప్పుడు నాతో మాట్లాడరు. ఆమెతో మాట్లాడుతున్నారు, అది చాలు.

నా మోటారు నీళ్లే ఆమె తోటకీ వదిలాను. సగం దక్కింది. తర్వాత స్టేషన్ నుంచి నాకు ఫోనొచ్చింది, ఆవిణ్ణి వచ్చి బహుమతి పట్టుకెళ్లమన్నారు. సంగతి ఎవరికీ తెలియనివ్వం అన్నారు. వెళ్లమని చెప్పాను.

"ఒద్దు మావా. రోజూ ఆళ్లింటి ముందునించే కదా సేలోకెళ్లాలి," అంది.

మళ్లీ వెళ్లమనలేదు.